డయాక్సిన్‌కూ క్యాబేజీకీ ఒకే రిసెప్టరా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతవరకు ముందు తిరిగి చెబుతాను. బయోటెక్నాలజీ చదువుతున్న మీ అమ్మాయి పుస్తకంలో, ఏరైల్ హైడ్రోకార్బన్ రిసెప్టర్ (పొట్టిగా ఏహెచ్‌ఆర్, కణాల్లో ఉండే ఒక ప్రొటీన్) అంటే డయాక్సిన్ అనే ఘోరమైన విషం శరీరంలో పట్టు సంపాదించుకునే చోటు అని ఉంది. అమెరికా నుంచి మీ మరిది పంపిన మాత్రల సీసా మీద, అదే రిసెప్టర్‌ను మేల్కొలిపే క్యాబేజీ సారం పేగుకూ హార్మోన్లకూ మేలు చేస్తుందని ఉంది. మరోపక్క మీ ఇంటి వెనక ఖాళీ స్థలంలో వారానికి రెండుసార్లు ప్లాస్టిక్‌తో సహా చెత్త తగలబెడుతున్నారు. పెరట్లో నాలుగు నాటుకోళ్లు పెంచుతున్నామని కూడా మధ్యలో ఒక మాట రాశారు. ఇంతకీ ఈ రిసెప్టర్ మంచిదా చెడ్డదా, మాత్రలు వేసుకోవచ్చా, ఆ పొగ సంగతి ఏమిటి అన్నది మీరు తెలుసుకోదలచింది.

నేను వైద్యుణ్ణి కాను. ఇరవై రెండేళ్లు విషశాస్త్ర ప్రయోగశాలలో ఎక్కువగా ఈ రిసెప్టర్‌తోనే కుస్తీ పట్టినవాణ్ణి. జవాబు ముందే చెప్పేస్తాను. మాత్రలు అక్కర్లేదు. పొగను ఎలాగైనా ఆపించండి. రిసెప్టర్‌కు మంచీ చెడూ అంటగట్టి లాభం లేదు. దాన్ని పట్టుకున్న పదార్థం ఎంతసేపటికి వదులుతుందో, ఏ కణంలో పట్టుకుందో చూడాలి. ఇది అర్థమైతే మీ అమ్మాయి పుస్తకం, మీ మరిది సీసా రెండూ ఎక్కడ సగం నిజం చెబుతున్నాయో మీకే తెలిసిపోతుంది.

ఈ రిసెప్టర్‌కు చెడ్డపేరు రావడానికి సగం కారణం అది దొరికిన తీరే. 1976లో అమెరికాలో అలన్ పోలండ్ బృందం ఎలుకల కాలేయాన్ని నూరి, రేడియో ధార్మికత కలిపిన డయాక్సిన్‌ను అందులో వేసి, అది ఒకానొక ప్రొటీన్‌ను గట్టిగా పట్టుకుంటోందని చూపింది. ఒక జాతి నల్ల ఎలుకలు డయాక్సిన్‌కు తీవ్రంగా స్పందిస్తాయి, మరో జాతి ఎలుకలు అంతగా పట్టించుకోవు అన్న సంగతి అప్పటికే తెలుసు. ఆ తేడాకు మూలం ఈ ప్రొటీనేనని తేలింది. సరిగ్గా ఆ ఏడాదే జులై 10న ఇటలీలో సెవెసో పట్టణం పక్కనున్న రసాయన కర్మాగారంలో రియాక్టర్ అదుపు తప్పి డయాక్సిన్ మేఘం ఊళ్ల మీద పడింది. దాదాపు 200 మందికి, వారిలో ఎక్కువమంది పిల్లలే, ముఖాల మీద క్లోరాక్నె అనే మొండి మొటిమలు లేచాయి. అంతకుముందు వియత్నాం అడవుల మీద అమెరికా సైన్యం చల్లిన ఏజెంట్ ఆరెంజ్‌లో కల్తీగా ఉన్నదీ ఇదే విషం. ఇంత జరిగాక ఆ ప్రొటీన్‌ను డయాక్సిన్ రిసెప్టర్ అనక మరేమంటారు? దొంగ ఏ ఇంట్లో దొరికితే ఆ ఇంటికి దొంగ పేరే పెట్టినట్టయింది.

అయితే ఆ ఇల్లు దొంగ కోసం కట్టింది కాదు. ఈగజాతికి చెందిన డ్రోసోఫిలాలో దీని సోదర ప్రొటీన్ ఒకటుంది. దానికి డయాక్సిన్ అంటదు. ఆ జన్యువు చెడితే మాత్రం ఈగ తల మీద మీసం ఉండాల్సిన చోట కాలి చివర మొలుస్తుంది. అంటే రసాయన కర్మాగారాలు కాదుగదా, మనిషే లేని కాలం నుంచి ఈ కుటుంబం ప్రాణుల ఒంట్లో ఏ భాగం ఎక్కడ రావాలో చూసుకుంటోంది. 1990ల మధ్యలో మూడు వేర్వేరు బృందాలు ఈ జన్యువును తీసేసిన ఎలుకలను తయారుచేశాయి. వాటిని డయాక్సిన్ పెద్దగా ఏమీ చేయలేకపోయింది. విషశాస్త్రజ్ఞులు ఊహించింది అదే. ఊహించనిదేమిటంటే, ఏ విషమూ పెట్టకుండానే ఆ ఎలుకల కాలేయం చిన్నదిగా ఉండిపోయింది. పుట్టగానే మూసుకుపోవాల్సిన ఒక రక్తనాళం కాలేయంలో తెరుచుకునే ఉంది. రోగనిరోధక వ్యవస్థలో లోపాలు వచ్చాయి. మీ అమ్మాయి పుస్తకం ఈ రెండో సగాన్ని వదిలేసినట్టుంది.

ఇప్పుడు అది పనిచేసే తీరు చూద్దాం. పని లేనప్పుడు ఏహెచ్‌ఆర్ కణద్రవ్యంలో, రెండు హెచ్‌ఎస్‌పీ90 అణువులు, మరికొన్ని తోడు ప్రొటీన్లు కాపు కాస్తుండగా కూర్చుని ఉంటుంది. సరిపడే పదార్థం వచ్చి దాని గుంటలో కూర్చోగానే కేంద్రకంలోకి వెళ్తుంది. అక్కడ ఆర్నట్ అనే మరో ప్రొటీన్‌తో జతకట్టి డీఎన్‌ఏ మీద తనకు గుర్తున్న చోట వాలి కొన్ని జన్యువులను నడిపిస్తుంది. వాటిలో ముందువరుసలో ఉండేవి సిప్1ఏ1, సిప్1ఏ2, సిప్1బీ1 అనే ఎంజైమ్‌ల జన్యువులు. ఈ ఎంజైమ్‌ల పని ఏమిటంటే, ఏ పదార్థం ఏహెచ్‌ఆర్‌ను లేపిందో ఆ పదార్థాన్నే విరగ్గొట్టి బయటకు పంపడం. దానితోపాటు ఏహెచ్‌ఆర్‌ను అణచే ఒక ప్రొటీన్ కూడా తయారవుతుంది, పని అయిన ఏహెచ్‌ఆర్‌ను కణం తానే నమిలేస్తుంది. వచ్చినవారికి తలుపు తీస్తూనే, వారిని సాగనంపే మనుషులకు కబురు పెట్టే ఇల్లు అనుకోండి. మామూలు పదార్థమైతే ఈ తంతు కొద్ది గంటల్లో ముగిసిపోతుంది.

డయాక్సిన్ దగ్గర ఈ లెక్క తప్పుతుంది. ఆ అణువు నాలుగు మూలలా క్లోరిన్ ఉంటుంది. ఎంజైమ్‌లకు కొరకడానికి అంచు దొరకదు. ఒంట్లోని కొవ్వులో చేరి, మనిషిలో సగానికి తగ్గడానికే ఏడేళ్లకు పైగా తీసుకుంటుంది. చుట్టపుచూపుగా వచ్చి ఇల్లు పట్టినవాడిలాగా, రిసెప్టర్‌ను అలా రాత్రింబవళ్లు లేపే ఉంచుతుంది. 2004లో విషప్రయోగానికి గురైన ఉక్రెయిన్ నేత విక్టర్ యుష్చెంకో ముఖాన్ని ప్రపంచమంతా చూసింది. ఆ చర్మం మీద కనిపించింది ఈ ఆగని పిలుపు ఫలితమే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో ఈ డయాక్సిన్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. విచిత్రమేమిటంటే డయాక్సిన్ డీఎన్‌ఏను నేరుగా ముట్టుకోదు. ఆ పనులన్నీ ఏహెచ్‌ఆర్ చేతే చేయిస్తుంది.

ఇదే విషం గినీపందిని కిలో బరువుకు ఒకటి రెండు మైక్రోగ్రాములతో చంపుతుంది. హామ్‌స్టర్‌ను చంపడానికి వెయ్యికి పైగా మైక్రోగ్రాములు కావాలి. రెండింట్లోనూ ఏహెచ్‌ఆర్ ఉంది. మనిషి ఏహెచ్‌ఆర్ ఆ నల్ల ఎలుకలదానికన్నా డయాక్సిన్‌ను దాదాపు పదోవంతు బలంతోనే పట్టుకుంటుంది. అందుకే ఒక జంతువులో వచ్చిన ఫలితాన్ని తెచ్చి మనిషికి అంటించేవారి మాట వినేటప్పుడు కొంచెం ఆగండి. సీసాల మీద రాసేవారు ఆ పని తరచుగా చేస్తారు.

పొగలోని బెంజోపైరీన్ కథ మరో రకం. సిగరెట్, బీడీ, కట్టెపొయ్యి, మాడిన మాంసం, తారు, అన్నిటిలోనూ ఉంటుంది. డయాక్సిన్‌లాగా ఇది మొండికేయదు, ఎంజైమ్‌లు దీన్ని సులువుగానే విరగ్గొడతాయి. కానీ విరగ్గొట్టే దారిలో పుట్టే ఒక మధ్యరూపం డీఎన్‌ఏకు అతుక్కుంటుంది. సాగనంపబోయి చేతికి కత్తి ఇచ్చినట్టు. జపాన్ శాస్త్రజ్ఞులు 2000లో ఏహెచ్‌ఆర్ లేని ఎలుకల చర్మం కింద బెంజోపైరీన్ ఎక్కిస్తే కణితులు రాలేదు. ఇది వినగానే, అయితే ఆ ఎంజైమ్‌లే శత్రువులు, వాటిని ఆపేస్తే పోతుందనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. తరవాత 2004లో మరో ప్రయోగం వచ్చింది. సిప్1ఏ1 లేని ఎలుకలకు బెంజోపైరీన్‌ను నోటిద్వారా పెడితే అవి నెల రోజుల్లో చచ్చిపోయాయి. ఎంజైమ్ ఉన్న ఎలుకలు అదే తిండి తిని నిక్షేపంగా తిరిగాయి. పేగులోనూ కాలేయంలోనూ అదే ఎంజైమ్ విషాన్ని త్వరగా దులిపేసి కాపాడుతోందన్నమాట. చర్మం కింద ఒక తీర్పు, పేగులో మరో తీర్పు. ఈ రెండు ప్రయోగాలనూ మీ అమ్మాయిని పక్కపక్కన పెట్టుకుని చదవమనండి, పుస్తకంలో పది పేజీలు చదివినదానికన్నా ఎక్కువ అర్థమవుతుంది.

మరి డయాక్సిన్, పొగ లేనప్పుడు ఈ రిసెప్టర్‌ను ఎవరు లేపుతారు? ఈ ప్రశ్నకు జవాబు నాకు పుస్తకంలో కాదు, ఒక అవమానంలో దొరికింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, కాలేయ కణాలకు రకరకాల నమూనాలు పోసి, ఎంజైమ్ ఎంత పుట్టిందో గులాబీ రంగు వెలుగును బట్టి కొలిచేవాణ్ణి. కణాలు పెంచే పళ్లెంలో ఏమీ కలపని గుంటలు చీకటిగా ఉండాలి. నావి మాత్రం వెలిగేవి. కాసేపు నీళ్లను అనుమానించాను, కాసేపు సహాయకుణ్ణి, చివరికి కణాలనే మార్చాను. రెండు నెలలు పోయాయి. మా పెద్దాయన ఒకరోజు వచ్చి, కిటికీ గట్టు మీద ఎండలో పెట్టిన పోషకద్రవం సీసాను చూసి, ఏమీ అనకుండా దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లిపోయారు. మర్నాటి నుంచి గుంటలు చీకటయ్యాయి. పోషకద్రవంలో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. ఎండ తగిలితే అందులోంచి ఫిక్జ్ అని పిలిచే పదార్థం పుడుతుంది. ఏహెచ్‌ఆర్‌ను అది డయాక్సిన్‌కు దీటుగా పట్టుకుంటుంది. తేడా ఒక్కటే, సిప్1ఏ1 దాన్ని చకచకా విరగ్గొట్టేస్తుంది.

పప్పులో, పాలలో, గుడ్డులో ఉండే ఆ ట్రిప్టోఫానే ఈ కథకు అసలు మూలం. మన కణాలు దాన్ని కైన్యురెనిన్‌గా మారుస్తాయి, పేగులోని బాక్టీరియా ఇండోల్ జాతి పదార్థాలుగా మారుస్తుంది. ఇవన్నీ ఏహెచ్‌ఆర్‌ను తట్టేవే, అయితే తేలిగ్గా తట్టి వెళ్లిపోతాయి. పేగు గోడలో కాపలా ఉండే కొన్ని రోగనిరోధక కణాలు ఈ తట్టు మీదే బతుకుతాయి. 2011లో, మొక్కల పదార్థమేమీ లేని శుద్ధిచేసిన మేత పెడితే ఎలుకల పేగులో ఆ కణాలు పలచబడ్డాయనీ, క్యాబేజీ కుటుంబంలో దొరికే ఇండోల్-3-కార్బినాల్ కలిపితే తిరిగి నిలిచాయనీ చూపారు. 2013లో, ఒక రకం లాక్టోబాసిల్లస్ తయారుచేసే ఇండోల్ పదార్థం ఇదే రిసెప్టర్ ద్వారా ఐఎల్-22 అనే సంకేతాన్ని పుట్టించి కాండిడా శిలీంధ్రాన్ని అదుపులో పెడుతుందని తేలింది. పేగువాపు వ్యాధి ఉన్నవారి మలంలో ఏహెచ్‌ఆర్‌ను లేపే శక్తి తగ్గి ఉందని 2016లో ఫ్రెంచి బృందం చెప్పింది. మీ మరిది పంపిన సీసా ఈ పరిశోధనల భుజం మీద ఎక్కి నిలబడింది. అలాగని పెరుగన్నం తింటే ఇదంతా జరిగిపోతుందని నేను చెబుతున్నాననుకోకండి. ఎలుక పేగుకూ మన భోజనానికీ మధ్య చాలా దూరం ఉంది.

బాక్టీరియా మాట వచ్చింది కాబట్టి ఒక్క సంగతి. క్షయ బాక్టీరియా తయారుచేసే ఒక రంగు పదార్థాన్ని ఏహెచ్‌ఆర్ పట్టుకుంటుందని 2014లో బెర్లిన్ పరిశోధకులు చూపారు. పట్టుకుని, అలవాటు ప్రకారం, దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్‌లను పిలుస్తుంది. ఏహెచ్‌ఆర్ జన్యువు లేని ఎలుకలు క్షయకు త్వరగా లొంగిపోయాయి. అంటే శత్రువు రంగును చూసి గుర్తుపట్టే కాపలా కూడా ఇదే చేస్తోంది. మన దేశంలో ఈ విషయం మీద ఇంకా ఎక్కువ పని జరగాలని నా కోరిక.

నన్ను బాగా తికమకపెట్టింది 2008 సంగతి. రెండు బృందాలు ఒకే పత్రిక ఒకే సంచికలో ఏహెచ్‌ఆర్‌కూ టీ కణాలనే రోగనిరోధక కణాలకూ ఉన్న సంబంధం రాశాయి. డయాక్సిన్ ఇస్తే ఎలుకల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను (రోగనిరోధక కణాలు సొంత నరాల మీదే దాడి చేసే జబ్బు) పోలిన జబ్బు తగ్గింది. ఎండలో పుట్టే మన ఫిక్జ్ ఇస్తే పెరిగింది. విషం నయం చేసింది, సహజమైనది చెరిపింది! చాలా ఏళ్లు ఒక్కో పదార్థానికి ఒక్కో గుణముందని వాదించుకున్నాం. తరవాతి ప్రయోగాల్లో తేలిందేమిటంటే, ఫిక్జ్‌ను బాగా ఎక్కువ మోతాదులో, లేదా అది త్వరగా విరిగిపోకుండా చేసి ఇస్తే అదీ డయాక్సిన్ దారే పట్టింది. ఎంతసేపు అన్న ప్రశ్నకే మళ్లీ వచ్చాం. ‘సహజం’ అన్న ముద్రకు ఈ రిసెప్టర్ దగ్గర విలువ లేదు.

చర్మం దగ్గర ఇదే రిసెప్టర్ మందుగా మారింది. సోరియాసిస్‌కు బొగ్గుతారు పూత చాలా పాతది. మాయో క్లినిక్‌లో గోకర్మన్ అనే వైద్యుడు 1925లో తారుకు అతినీలలోహిత కాంతిని జోడించి చికిత్స రూపొందించారు. ఆ తారు ఎందుకు పనిచేస్తుందో తెలియడానికి 2013 దాకా పట్టింది. ఏహెచ్‌ఆర్‌ను లేపి, చర్మం పైపొరను గట్టిపరిచే ప్రొటీన్లను పెంచుతుంది. 2022లో అమెరికాలో అనుమతి పొందిన టాపినరాఫ్ పూత మందు ఈ దారిలోదే. మొదట్లో అది నులిపురుగుల్లో కాపురముండే ఒక బాక్టీరియాలో దొరికింది. 2024 చివర్లో రెండేళ్లు దాటిన పిల్లల ఎగ్జిమాకూ అనుమతించారు. ఒకచోట మొండి మొటిమలు లేపిన రిసెప్టరే ఇంకోచోట పొలుసులు తగ్గిస్తోంది.

నీలిమందు సంగతి కూడా చెప్పాలి. ఒకప్పుడు కడప, నెల్లూరు ప్రాంతాల్లో పొలాలకు పొలాలు పండించిన నీలిమందే. అందులోని ఇండిగో, ఇండిరుబిన్ ఏహెచ్‌ఆర్‌ను గట్టిగా పట్టుకుంటాయి. ఇండిగో మొక్కల నుంచి చైనా సంప్రదాయ వైద్యులు తీసే పొడిని జపాన్‌లో పెద్దపేగు పుండ్ల వ్యాధికి వాడి చూస్తే చాలామందికి గుణమిచ్చింది. కానీ దీర్ఘకాలం మింగినవారిలో కొందరికి ఊపిరితిత్తుల ధమనుల్లో రక్తపోటు పెరిగి ప్రమాదకర పరిస్థితి వచ్చింది. మొక్కదే, సహజమే, రోగం తగ్గించేదే. అయినా రోజూ, నెలల తరబడి ఆ రిసెప్టర్‌ను తట్టడం వేరే సంగతి. ఆ సీసా చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఇదే.

ఇక మాత్రలకు వద్దాం. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి కోసినప్పుడు, నమిలినప్పుడు ఇండోల్-3-కార్బినాల్ విడుదలవుతుంది. కడుపులోని ఆమ్లంలో అది డిమ్ అనే పదార్థంగా, ఇంకొన్నిటిగా మారుతుంది. మీ సీసాలో ఉన్నది ఆ డిమ్. (ఆవ పెట్టిన కూరలోని ఘాటు ఇదేనా అని నన్ను చాలామంది అడిగారు. కాదు, అది వేరే పదార్థం.) కూరలో వచ్చే మోతాదు తక్కువ, పీచుతో కలిసి, ఒక పూట వచ్చి పోతుంది. మాత్రలో అదే పదార్థం విడిగా, ఎక్కువగా, రోజూ వస్తుంది. 1980లలో చేపల మీద జరిగిన ప్రయోగమొకటి నేను మరిచిపోలేను. బూజు పట్టిన వేరుశెనగలో ఉండే అఫ్లటాక్సిన్ ఇవ్వకముందు ఇండోల్-3-కార్బినాల్ పెడితే కాలేయ కణితులు తగ్గాయి. అఫ్లటాక్సిన్ తగిలాక పెడుతూ పోతే పెరిగాయి. వేళ మారితే అదే పదార్థం పక్షం మార్చింది. మీ ఒంట్లో ఏ వేళ నడుస్తోందో మీకూ తెలియదు, సీసా మీద రాసినవారికీ తెలియదు. వారానికి రెండుసార్లు క్యాబేజీ వేపుడో ముల్లంగి పులుసో చేసుకోండి, చాలు.

మాత్రలు వద్దనడానికి ఇంకొక కారణం మందుల తాకిడి. ఏహెచ్‌ఆర్ పెంచే సిప్1ఏ2 ఎంజైమే మనం తాగే కాఫీలోని కెఫీన్‌ను, ఆస్తమాకు వాడే థియోఫిలిన్‌ను, మానసిక వ్యాధులకు వాడే క్లోజపిన్, ఒలాంజపిన్‌లను విరగ్గొట్టేది. పొగతాగేవారిలో ఆ ఎంజైమ్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి వారికి మోతాదు ఎక్కువ కావాలి. అలాంటివారు ఆసుపత్రిలో చేరి హఠాత్తుగా సిగరెట్ మానేస్తే కొద్ది రోజుల్లో ఎంజైమ్ తగ్గి, అదే మాత్ర ఎక్కువై మత్తు, మూర్ఛ దాకా పోవచ్చు. ఈ ప్రభావం నికోటిన్‌ది కాదు, పొగలోని హైడ్రోకార్బన్‌లది. నికోటిన్ పట్టీ వేసుకున్నా ఎంజైమ్ పడిపోతుంది. కాబట్టి ఇంట్లో ఎవరైనా ఈ మందులు వాడుతుంటే, పొగ మొదలుపెట్టినా మానినా, డిమ్ లాంటివి వేసుకోవాలనుకున్నా ముందు వారి వైద్యుడికి చెప్పండి.

చివరగా మీ ఇంటి వెనక మంట. ప్రయోగశాలల్లో తప్ప డయాక్సిన్‌ను ఎవరూ కావాలని తయారుచేయరు. క్లోరిన్ ఉన్న పదార్థం సరిగా కాలకుండా రగులుతూ, పొగ 200 నుంచి 400 డిగ్రీల మధ్య చల్లారే దశలో అది పుడుతుంది. పీవీసీ పైపు ముక్కలు, కరెంటు తీగల తొడుగులు ఉంటే క్లోరిన్ సిద్ధం. తీగలోని రాగి దాన్ని మరింత వేగిరపరుస్తుంది. వ్యర్థాలు కాల్చే పెద్ద యంత్రాల్లో పొగను 850 డిగ్రీలకు పైన రెండు సెకన్లయినా ఉంచాలన్న నియమం ఇందుకే. ఖాళీ స్థలంలో రగిలే కుప్ప ఆ వేడికి ఎన్నడూ చేరదు. రాగి కోసం తీగలు కాలుస్తుంటే అది అన్నిటికన్నా అన్యాయం.

అయితే కంగారుపడి కిటికీలు బిగించుకుంటే సరిపోతుందనుకోవద్దు. పీల్చే పొగలో తక్షణ ప్రమాదం సన్నని నుసిది, బెంజోపైరీన్ లాంటివాటిది. డయాక్సిన్ మనిషికి చేరేది తొంభై శాతానికి పైగా తిండి ద్వారా. బూడిద నేల మీద పడుతుంది, ఆ నేలను పశువు మేస్తుంది, కోడి గీకుతుంది, కొవ్వులో చేరి పాలలోకి, గుడ్డులోకి వస్తుంది. ఆరుబయట చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున అయితే 25,000 రూపాయలు జరిమానా వేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే ఆదేశించింది. తేదీ, వేళ కనిపించేలా ఫొటోలు తీసి మున్సిపాలిటీకి రాతపూర్వకంగా ఇవ్వండి. ఒక్కరి పేరుతో కాక వీధిలో పదిమంది సంతకాలతో ఇస్తే కదలిక వస్తుంది.

అది తేలేదాకా ఆ కోళ్లను ఖాళీ స్థలంలోకి వదలకండి. నేలలోని డయాక్సిన్‌ను గుడ్డులోకి చేర్చడంలో నాటుకోడిని మించినది లేదు. పెరట్లోనే కంచె కట్టి, గింజలు నేల మీద చల్లకుండా తొట్టిలో వేయండి. ఆ కుప్ప బూడిదను తోటలోకి మాత్రం తేవద్దు.